పసుపు రాసుకున్న ఆదివారం

ముప్పై ఎనిమిదో ఏట నాకు నెల మధ్యలో ఎర్ర కనపడడం మొదలైంది. లంగా మీద రూపాయి బిళ్లంత మరక. మొదటిసారి రోజులు లెక్క తప్పానేమో అనుకున్నాను. రెండోసారి ఒంటికి వేడి చేసిందని రెండు చెంబుల మజ్జిగ తాగాను. మూడోసారి ఏమీ అనుకోలేదు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు లంగా ఉతికి ఆరేశాను. మా ఆయన దగ్గరకు వచ్చిన మర్నాడు అది తప్పకుండా కనపడేది. అందుకని సాయంత్రమయ్యేసరికి ఆయన మీద ఏదో ఒక కోపం తెచ్చుకుని వాకిట్లో మంచం వేసుకునేదాన్ని. తనేం తప్పు చేశాడో తెలియక పాపం ఆయన తల గోక్కునేవాడు.

నాకు నోరెక్కువని మా ఊళ్లో అందరికీ తెలుసు. పదో తరగతి దాకా చదివాను. ఆడవాళ్ల పొదుపు సంఘానికి లీడరును. బత్తలపల్లె మండలాఫీసుకు పోతే ఎవరూ కూర్చోమనకపోయినా కుర్చీ లాక్కుని కూర్చునేదాన్ని. కరెంటు పోయినా, బోరింగు చెడిపోయినా జనం మా ఇంటికే వచ్చేవాళ్లు. అలాంటిదాన్ని, ఈ ఒక్క సంగతి దగ్గర నోరు పడిపోయినట్టు ఉండిపోయాను. కారణం మా అమ్మ.

నాకు పెళ్లయిన మూడో ఏడు అమ్మ పోయింది. ఆమెకూ ఇలాగే మొదలైందట. కబురు తెలిసి నేను పుట్టింటికి పోయేసరికి ఆమె మంచం గొడ్లపాకలో ఉంది. వాకిలి దాటగానే వాసన. నాయన ఊదుబత్తీలు కట్టలు కట్టలుగా తెచ్చి పెట్టాడు. ఆ జబ్బుకు ఒక పేరు ఉంటుందని కూడా ఎవరూ పలికేవాళ్లు కాదు, ‘కింది జబ్బు’ అని గొంతు తగ్గించి అనేవాళ్లు. నెలన్నర పాటు ఆమె గుడ్డలు ఉతికాను. ఉతికి వచ్చి చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా అన్నం ముద్ద నోటి దగ్గరకు పోయేది కాదు. అమ్మ అది చూసింది. చూసి, మొహం అటు తిప్పుకుంది. అది నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకని నాకొచ్చిందేమిటో నాకు తెలుసనుకున్నాను. డాక్టరు నోటితో వినకపోతే అది ఉన్నా లేనట్టే అని ఒక వెర్రి నమ్మకం పెట్టుకున్నాను. చదువుకున్న మూర్ఖత్వం అంటే అదే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా వైపు పల్లెల్లో తిరిగే ఒక ఆసుపత్రి వాళ్లు ఊరూరా క్యాంపులు పెట్టడం మొదలుపెట్టారు. పిల్లల క్యాంపు, కళ్ల క్యాంపు అయిపోయాక ఒకరోజు సంఘం మీటింగుకు సిస్టరమ్మ ఒకావిడ జీపులో వచ్చింది. కోస్తా మనిషి, మాట మెత్తన. గోడకు ఒక బొమ్మ తగిలించి గర్భసంచి ఇది, దాని మూతి ఇది అని చూపించింది. ఆ మూతి దగ్గర క్యాన్సరు వస్తుందనీ, రావడానికి ఏళ్లు పడుతుందనీ, వచ్చేముందే కనిపెట్టవచ్చనీ చెప్పింది. ముప్పై దాటిన ఆడవాళ్లంతా చూపించుకోవాలట.

“లోపల ఒక పరికరం పెట్టి చూస్తారమ్మా. వెనిగర్ అని పులుపు నీళ్లలాంటిది దూదితో పూస్తారు. ఒక్క నిమిషం ఆగితే, తేడా ఉన్నచోట తెల్లగా మారుతుంది. అది చిన్నగా ఉండగానే గడ్డకట్టించి తీసేయొచ్చు.”

గదిలో గుసగుసలు మొదలయ్యాయి. మొగ డాక్టరా అని ఒకామె అడిగింది. కాదని తెలిశాక ఇంకొకామె లేచింది. “చూస్తామని చెప్పి గర్బసంచి తీసేస్తారంటనే. మా చిన్నమ్మకు అట్లే తీసినారు.” వెనక నుంచి ఒక ముసలామె, “పిల్లలు పుట్టకుండా కడుపు కోపిచ్చుకొని పదేండ్లాయ, ఇంగ ఆడ ఏముండాది చూసేకి?” అంది. సిస్టరమ్మ ఒక్కొక్కరికీ ఓపికగా జవాబు చెప్పింది గాని ఎవరూ చెయ్యి ఎత్తలేదు. అందరూ నా మొహం చూశారు. అది నాకు అలవాటే.

నేను లేచాను. “ఏం మే, కాన్పులప్పుడు లేని సిగ్గు ఇప్పుడు ఏటికి వచ్చె? రోంతసేపు కండ్లు మూసుకుంటే అయిపాయ. బతికేకి సిగ్గేమి?” అన్నాను. అందరూ నవ్వారు. ఇరవై రెండు మంది పేర్లు రాసుకున్నాను. మొదటి పేరు నాదే రాశాను.

రెండో పేరు మా తోడికోడలిది. మా ఆయన అన్న భార్య, నాకంటే ఆరేళ్లు పెద్ద, నేను అక్కా అని పిలిచేదాన్ని. మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. పెరట్లో తాడిపత్రి బండలు నిలబెట్టి కట్టిన నీళ్లగది కూడా ఇద్దరికీ ఒకటే. ఆమెకు చదువు లేదు, సంతకం నేనే నేర్పించాను. నేనేం చేస్తే అదే చేసేది. నేను సంఘంలో చేరితే చేరింది. నేను బొగ్గుపొడి మానేసి పేస్టు కొంటే తనూ కొంది, మంట మంట అని తిట్టుకుంటూనే తోముకుంది. “మా చెల్లెలు సదువుకున్యాది, ఆయమ్మ చేసిందంటే మంచిదే అయింటాది” అని ఊరందరికీ చెప్పేది. నేను వేళాకోళం చేసేదాన్ని. “నేను బాయిలో దూకితే నువ్వూ దూకుతావా అక్కా” అనేదాన్ని. “నువ్వు దూకితే ఆడ నీళ్లు తియ్యగుండాయేమో అనుకుంటా” అనేది. మాకు అదొక ఆట.

క్యాంపు ఆదివారమన్నారు. శనివారం సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. “రేపు డాక్టరమ్మ చూస్తాది. అందరూ శుబ్బరంగా నీళ్లు పోసుకొని రాండి. మన ఊరి మానం తీయొద్దండి.”

నేనన్న ఆ మాటే కొంప ముంచింది. మా దిక్కు ఆడదానికి శుభ్రమంటే పసుపు. పుండయినా పసుపే, దురదయినా పసుపే, బాలింతకూ పసుపే, శుక్రవారం మొహానికీ పసుపే. డాక్టరమ్మ దగ్గరగా చూస్తుంది కదా, వాసన రాకూడదని ఒకామె పసుపు నూరి లోపల కూడా పూసుకుందట. ఆమె పక్కింటామెకు చెప్పింది, ఆమె ఇంకొకామెకు చెప్పింది. ఆ మాట నా దాకా వచ్చింది. సబబే అనిపించి నేనూ పూసుకున్నాను. ఆ రోజు నా మనసులో ఏ దురాలోచనా లేదు.

క్యాంపు మా ఊరి బళ్లో. రెండు బల్లలు కలిపి దుప్పటి పరిచారు, చుట్టూ చీరలు కట్టారు. ముందుగా వచ్చిన ముగ్గురిని వరుసగా లోపలికి పిలిచారు. మూడో ఆమె వెళ్లిన కాసేపటికి సిస్టరమ్మ బయటికి వచ్చింది. చేతిలో చిన్న ట్రే, అందులో దూది ఉండలు, అన్నీ పచ్చగా.

“పసుపు పెట్టుకోమని ఎవరు చెప్పారమ్మా మీకు?” అని అడిగింది.

ఇరవై మంది ఆడవాళ్లు ఒక్కసారి నా వైపు తిరిగారు. నేనేదో గొణిగాను. డాక్టరమ్మ కూడా చీర పక్కకు తీసి వచ్చింది. చిన్న వయసు మనిషి, కోప్పడలేదు, విసుగు మాత్రం దాచుకోలేకపోయింది. “ఎంత తుడిచినా పోవడం లేదు. మేము చూడాల్సింది తెలుపు. పసుపు మీద తెలుపు ఎలా కనపడుతుంది? ఈ వారమంతా లోపల ఏమీ పెట్టుకోవద్దు. నీళ్లు చాలు. వచ్చే ఆదివారం మళ్లీ వస్తాం.”

అందరి ముందు తలకొట్టేసినట్టయింది. కానీ నిజం చెప్పాలి, ఆ సిగ్గు కింద నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకో వారం బతికానురా దేవుడా అనుకున్నాను. ఇంటికొచ్చి సంగటి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఆ వారం ఎలా గడిచిందో నాకే తెలుసు. బుధవారం మళ్లీ ఎర్ర కనపడింది. గురువారం కూడా. చేనులో గడ్డి కోస్తూ వంగితే కడుపులో ఏదో ఉన్నట్టు, లేస్తే లేనట్టు. అమ్మ మంచం గుర్తొచ్చేది. నా కూతురు అప్పటికి ఎనిమిదో తరగతి, రేపు నా గుడ్డలు అది ఉతుకుతుందా అనుకునేదాన్ని. మా ఆయనకు చెబుదామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే ఆయన ఏడుస్తాడు, ఆయన ఏడిస్తే అది నిజమైపోతుంది అనిపించి మింగేశాను.

శనివారం మా అక్క నీళ్ల బిందెతో వచ్చి మా గడప మీద కూర్చుంది. “రేపు నువ్వు ముందర పో మే. నువ్వు పోయొస్తే నీ ఎనకాలే నేను పోతా.”

“నీకేమన్నా తేడా ఉండాదా అక్కా?” అన్నాను.

“నాకేముండాది, గుండు మాదిరి ఉండా. నువ్వు పోతాండావని వస్తాండా. అంతే.”

రెండో ఆదివారం పొద్దున నీళ్లు పోసుకుని, ఒళ్లు తుడుచుకుని, నీళ్లగదిలో అలాగే నిలబడిపోయాను. వంటింట్లో నుంచి పసుపు పొట్లం ముందే తెచ్చుకుని బండల సందులో పెట్టుకున్నాను. ఎందుకు తెచ్చుకున్నానో నాకు తెలుసు. పసుపు ఉంటే పంపించేస్తారు. అందరి ముందూ పోయినట్టూ ఉంటుంది, ఎవరూ పిరికిదన్నట్టూ ఉండదు, నాలో ఏముందో ఎవరికీ కనపడదు. అరచేతిలో పసుపు వేసుకుని నాలుగు చుక్కల నీళ్లు కలిపాను. వద్దు వద్దనుకుంటూనే పూసుకున్నాను.

అప్పుడే నీళ్లగది వాకిలికి కట్టిన గోనెపట్టా పక్కకు తొలగింది. మా అక్క, కాగిన నీళ్ల బక్కెట తెచ్చుకుని నిలబడి ఉంది. నా చెయ్యి చూసింది.

“ఏమది?”

“మొగానికి” అన్నాను.

ఆమె నా చేతి నుంచి నా మొహానికి చూపు ఎత్తింది. మొహానికి పసుపు లేదు. బక్కెట కింద పెట్టింది. ఇంకేమీ అడగలేదు. నేను తడిబట్టతో ఆమె పక్కనుంచి తప్పుకుని ఇంట్లోకి వెళ్లాను. నీళ్లగదిలో పసుపు పొట్లం వదిలేసిన సంగతి చీర కట్టుకుంటుంటే గుర్తొచ్చింది. తిరిగి పోయి తెచ్చుకునే ధైర్యం లేకపోయింది.

బళ్లో ఈసారి జనం తేలిగ్గా ఉన్నారు. ముందు పేరు నాదే అయినా, లీడరును కదా, అందరినీ పంపించి చివర్లో పోతానని పెద్దరికం ఒలకబోశాను. ఒక్కొక్కరే పోయి వస్తున్నారు. మొదట వచ్చినామె నవ్వుతూ వచ్చింది. “ఇంతేనా. దీనికా నేను వారం నుంచి బువ్వ తినకుంటి” అంది. ఇంకొకామె, “ఇనప సామాను సల్లగుండాది, అంతే మే” అంది. ఒకామె మాత్రం ఏడుస్తూ వచ్చింది, నొప్పికి కాదట, సిగ్గుకట. అందరూ ఆమెను మధ్యలో కూర్చోబెట్టుకుని ఏడిపించి నవ్వించారు. వరండాలో నేనొక్కదాన్నే నవ్వడం లేదు. ఇద్దరిని మాత్రం ఆసుపత్రికి రమ్మన్నారు. మా అక్క నా పక్కనే కూర్చుని చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

ఇక తప్పలేదు. లోపలికి వెళ్లి బల్ల మీద పడుకున్నాను. పైన బండల కప్పు, పక్క గోడ మీద పిల్లలకు రాసిన ఎక్కాలు. మూడో ఎక్కం చదువుకుంటూ పళ్లు బిగపట్టాను. డాక్టరమ్మ వంగి చూసింది.

“మళ్లీ పసుపా?” అంది. “అందరికీ చెప్పాల్సినదానివి నువ్వే కదమ్మా.”

“అలవాటులో మర్చిపోయినా మేడం.”

ఆమె దూదితో తుడవబోయింది, నేను కాళ్లు దగ్గరికి తీసుకున్నాను. ఇంకోసారి ప్రయత్నించి వదిలేసింది. “నిన్ను బలవంతం చెయ్యను. మంగళవారం ఆసుపత్రికి రా. తప్పకుండా రావాలి” అంది. తలూపి దిగాను. చెప్పులు వేసుకుంటుంటే మా అక్క నన్ను దాటి లోపలికి పోయింది.

నేను ఇంకా చీర కుచ్చిళ్లు సర్దుకుంటూనే ఉన్నాను, లోపల నుంచి డాక్టరమ్మ గొంతు వినపడింది. “నువ్వు కూడానా?”

మా అక్క బయటికి వచ్చింది. నా వైపు చూడలేదు. ఇంటికి నడుస్తూ దారిలో అడిగాను. “నువ్వేటికి రాసుకున్యావక్కా?”

“అలవాటు” అంది. లోపల నేను చెప్పిన మాటే. ఇంకొక్క ప్రశ్న అడిగితే నా సంగతి బయటపడుతుంది. అడగలేదు.

సోమవారం సాయంత్రం ఆమె గోడ అవతల నుంచి, “రేపు ఆస్పత్రికి పోతాండామా?” అని కేకేసింది.

“శెనక్కాయ పీకేది ఉండాది కదక్కా. అది అయినాక పోదాం” అన్నాను.

“సరే” అంది. ఆ సరే ఎంత త్వరగా వచ్చిందంటే నాకు కూడా హాయిగా అనిపించింది. ఆసుపత్రికి రమ్మన్న ఆ ఇద్దరూ పోయి, అక్కడేదో చల్లటి గ్యాసు పెట్టించుకుని, సాయంత్రం బస్సుకే వచ్చేశారు. నెల తిరక్కుండా మాతోపాటు కాయలు ఒలిచారు. అది కళ్లారా చూసి కూడా నేను కదల్లేదు. సిస్టరమ్మ రెండుసార్లు కబురు పంపింది. ఒకసారి పెళ్లని చెప్పాను, ఇంకోసారి జ్వరమని చెప్పాను.

రెండేళ్లు అలాగే లాగాను. వానలు పడలేదు, విత్తనం కూడా చేతికి రాలేదు. ఊళ్లో ఎవరి కష్టం వాళ్లకుండగా నా భయాన్ని పక్కన పెట్టడం సులువయింది. ఎర్ర కొన్ని నెలలు కనపడేది, కొన్ని నెలలు కనపడేది కాదు. కనపడనప్పుడు నేనే గెలిచాననుకునేదాన్ని.

మూడో ఎండాకాలం కరువు పని కింద చెరువులో పూడిక తీస్తున్నాం. మా అక్క తట్ట ఎత్తుకుని గట్టు ఎక్కుతూ మధ్యలో నిలబడిపోయింది. వెనక వస్తున్నది నేనే. ఆమె మడమల మీదికి రక్తం కారుతోంది. తట్ట దించి కూర్చోబెట్టాను. ఆడవాళ్లంతా చుట్టూ నిలబడి కొంగులు అడ్డం పట్టారు. ఎన్నాళ్ల నుంచి అని అడిగితే, “సంక్రాంతి నుంచి” అంది. అప్పటికి మూడు నెలలు దాటింది. నాకు చెప్పలేదు. నేను ఆమెకు చెప్పానా ఏమన్నా, ఆమె నాకు చెప్పడానికి.

మర్నాడు పొద్దున బస్సెక్కాం. ఊరు దాటాక అక్క అడిగింది. “అది పెట్టి చూసేటప్పుడు నొప్పుంటాదా మే?”

“తెలీదక్కా.”

“ఆ పొద్దు నువ్వు పండుకుంటివి కదా.”

“పసుపు చూసి పంపించేసిరి కదా” అన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగింది. ఊరందరికీ భయం లేదు భయం లేదని చెప్పిన నోటితో, ఆ ఒక్క మనిషికి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

ఆసుపత్రిలో అదే డాక్టరమ్మ. మమ్మల్ని గుర్తుపట్టింది. మా అక్కను లోపలికి తీసుకుపోయి చాలాసేపు చూసింది. చిన్న ముక్క తీశాం, పరీక్షకు పంపుతాం, పదిహేను రోజులకు రండి అంది. ఆమె గొంతులో పాత విసుగు లేదు. అది లేకపోవడం చూసే నాకు భయమేసింది. తర్వాత నా వైపు తిరిగింది.

“నువ్వు ఎక్కడైనా చూపించుకున్నావా?”

“లేదు మేడం. ఈ పనంతా కానీ, తర్వాత...”

బెంచీ మీద వాలి కూర్చున్న మా అక్క కళ్లు తెరిచింది. “పండుకో పో మే” అంది.

పోయి పడుకున్నాను. డాక్టరమ్మ నా మోకాళ్ల మీద దుప్పటి కప్పింది. “ప్రతిదీ ముందు చెప్పి చేస్తాను. ఆపమంటే ఆపుతాను. నడుము బల్లకు ఆనించు, నోటితో ఊపిరి వదులు” అంది. చల్లటి ఇనుము తగిలింది. లోపల వెడల్పవుతున్నట్టు ఒత్తిడి, నొప్పి అనడానికి లేదు, వద్దు అనిపించే ఒక ఇబ్బంది. పులుపు నీళ్లు పూసినప్పుడు కాస్త చురుక్కుమంది. ఇప్పుడు ఒక నిమిషం ఆగాలి అంది. ఆ నిమిషంలో అమ్మ మంచం, పాక, నా కూతురు, అన్నీ తిరిగాయి. అరవై దాకా లెక్కపెడదామనుకుని ఇరవై దగ్గర మూడుసార్లు తప్పాను.

“తెలుపు లేదు” అంది డాక్టరమ్మ. “మూతి దగ్గర చిన్న కండ పెరిగింది. నీ రక్తం దీని వల్లే. చూడ్డానికి మామూలుదే. తీసేస్తాను, కొంచెం గుంజినట్టుంటుంది.”

గుంజినట్టే అయింది. ట్రేలో పెట్టి చూపించింది, దీన్ని కూడా పరీక్షకు పంపుతానంది. కందిగింజంత ఉంది. నా రెండేళ్లను, నా మొగుడితో తెచ్చుకున్న కోపాలను, నా నిద్రను తినేసింది ఆ కందిగింజ. మొత్తం పని కాఫీ కాచుకునేంత సేపు పట్టలేదు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. సంతోషమేసింది, ఎగిరి దూకాలన్నంత సంతోషం. మరుక్షణం బయట బెంచీ మీద ఉన్న మనిషి గుర్తొచ్చి, ఆ సంతోషానికి నా మీద నాకే అసహ్యం పుట్టింది.

బయటికి రాగానే ఆమె నా మొహం చూసి తెలుసుకుంది. “ఏం లేదంటనా?” అంది. లేదన్నాను. “బాగాయ” అని నా చెయ్యి తట్టింది.

పదిహేను రోజులకు కాగితాలు వచ్చాయి. నాదానిలో ఏమీ లేదు. ఆమెది క్యాన్సరు, మూతి దాటి పక్కకు పాకింది. ఆపరేషనుతో పోయేది కాదు, బెంగళూరు పోయి కరెంటు, అంటే రేడియేషను, పెట్టించుకోవాలన్నారు. మా బావ గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. నేను డాక్టరమ్మ వెంట గది బయటికి పోయి అడిగాను. “ఆ పొద్దు చూసుంటే కనపడేదా మేడం?”

“అప్పటికి ఉందో లేదో ఇప్పుడు నేను చెప్పలేను. ఉండి ఉంటే చిన్నగా ఉండేది” అంది.

బెంగళూరుకు తోడుగా నేనే పోయాను. అంతా కన్నడం, నాకు వచ్చిన నాలుగు ముక్కలతో నెట్టుకొచ్చాను. రోజూ పొద్దున వరసలో కూర్చోవడం, పిలిస్తే ఆమె లోపలికి పోవడం, వచ్చాక కక్కుకుంటే మొహం కడగడం, ఇదే పని. ఆమె గుడ్డలు నేను ఉతికాను. ఈసారి ఆమె ముందే కూర్చుని అన్నం తిన్నాను. గొంతు దిగకపోయినా తిన్నాను.

మూడో వారం ఒకరోజు వరస పొడవుగా ఉంది. గోడవార బెంచీ మీద ఇద్దరమే ఒక మూల. ఇక నాకు ఆగలేదు.

“అక్కా, ఆ రెండో ఆదివారం నేను మర్చిపోయి కాదు. కావాలనే రాసుకున్న్యా. నాకు రక్తం పడతాండె. భయపడి రాసుకున్న్యా.”

ఆమె తల తిప్పలేదు. “తెల్సు. నీ మొగానికి పసుపు లేదు కదా.”

“మరి నువ్వు?”

“ఊరందరికీ దైర్యం చెప్పినదానివి. సదువుకున్నదానివి. నీకే అంత భయమంటే ఆడ మాకు చెప్పకుండా ఏమో చేస్తారనుకున్న్యా. పొట్లం ఆడే పెట్టి పోయింటివి. నేనూ రాసుకున్న్యా.”

కోపంగా అనలేదు. కూరలో ఉప్పు వేశానని చెప్పినట్టు చెప్పింది. అరిచి ఉంటే, బెంచీ మీద నుంచి లేపి తోసి ఉంటే నాకు ఊపిరి ఆడేది. నేను ఏడవడం మొదలుపెట్టాను. వరసలో జనం చూస్తున్నా ఆపుకోలేకపోయాను.

“తిట్టక్కా” అన్నాను. “నీ కాలు మొక్కుతా, ఒక్క మాటన్నా తిట్టు.”

ఆమె గోడకు తల ఆనించింది. “ఇప్పుడు ఓపిక లేదు మే” అంది. “తగ్గినాక తిడతాలే.”

లోపల నుంచి పిలిచారు. తాళిబొట్టు తీసి నా చేతిలో పెట్టి, గోడ పట్టుకుంటూ నడిచి వెళ్లింది.

ఆ తర్వాత ఆమె పద్నాలుగు నెలలు బతికింది. నన్ను తిట్టేంత ఓపిక ఆమెకు మళ్లీ రాలేదు.